మన ఆకుల్ని మానని పుండు మీద పరీక్షించాలి

మా అన్నయ్య కూతురు ఎం.ఫార్మసీ చివరి ఏడాదిలో ఉంది. థీసిస్‌లో భాష దిద్దిపెట్టమని ఈమధ్య నాకు తెచ్చిచ్చింది. విషయం, గడ్డిచేమంతి ఆకుకు గాయాలు మాన్పే గుణం ఉందా లేదా అని. ఆకు ఎండబెట్టి పొడి చేశారు. ఆల్కహాల్‌తో సారం తీసి ఐదు శాతం, పది శాతం ఆయింట్‌మెంట్లు కలిపారు. ల్యాబుల్లో పెంచే విస్టార్ జాతి ఎలుకల వీపు మీద గుండ్రంగా చర్మం తీసి, ఆ గాయాలకు పూశారు. పోల్చడానికి ఒక గుంపుకు బెటాడిన్ రాశారు. నాలుగో రోజుకు ఎంత మూసుకుంది, ఎనిమిదో రోజుకు ఎంత, పదహారో రోజుకు ఎంత అని పట్టికలు. చివరి పేజీ తిప్పకముందే అక్కడ ఏముంటుందో నాకు తెలుసు. ఆకు బాగా పనిచేసిందని ఉంటుంది. అలాగే ఉంది.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీలకు లెక్కలేదు కాబట్టి, మొక్కను గుర్తించి సర్టిఫికెట్ ఇవ్వమంటూ పిల్లలు వస్తూనే ఉండేవాళ్లు. అలా ఇలాంటి థీసిస్‌లు చాలా నా చేతుల మీదుగా వెళ్లాయి. ఒకసారి వేప, ఒకసారి కానుగ, ఇంకోసారి తంగేడు, ఉత్తరేణి, కలబంద. ఆకు పేరు మారుతుంది, ముగింపు మారదు. ఇది పనిచేయలేదు అని రాసిన థీసిస్ నేనింతవరకు చూడలేదు. అన్ని ఆకులూ గాయాలు మాన్పుతున్నాయంటే మన ఆకులు అంత గొప్పవని సంతోషపడాలా, లేక మనం పెట్టే పరీక్షలోనే లోపముందని అనుమానించాలా? నా అనుమానం రెండోదే. దానంతటదే మానిపోయే గాయం మీద మనం ఆకుల్ని పరీక్షిస్తున్నాం. పరీక్షించాల్సింది మానని పుండు మీద, అదీ మనిషి కాలి మీద.

ఆ పిల్ల కష్టాన్ని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. ఎండలో తిరిగి ఆకు కోసుకొచ్చి, నీడన ఆరబెట్టి, రాత్రిళ్లు ల్యాబులో కూర్చుంది. ఆ కష్టం ఎవరికైనా పనికొచ్చే చోట పడాలన్నదే నా బాధ.

గడ్డిచేమంతి కథ

ఈ మొక్క తెలియనివాళ్లు మనలో తక్కువ. రోడ్డు పక్కన, మురుక్కాలువ గట్టున, అపార్ట్‌మెంటు సెల్లారు పగుళ్లలో కూడా మొలుస్తుంది. చిన్నప్పుడు దీని ఆకూ బొగ్గూ కలిపి నూరి పలక నల్లబడడానికి పూసేవాళ్లం. ఆటల్లో మోకాలు చెక్కుకుపోతే ఇదే ఆకు అరచేతిలో నలిపి పసరు పిండేవాళ్లు. చుర్రుమనేది, రక్తం ఆగేది, కొన్నాళ్లకు పక్కు రాలిపోయేది. మాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

అయితే ఈ మొక్క మనది కాదు. మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చింది. అంటే దీని వైద్యం మన పూర్వ గ్రంథాల్లోంచి దిగివచ్చింది కాదు. ఎక్కడో పరాయి మొక్క మన గట్ల మీద మొలిస్తే, మనవాళ్లు దాన్ని తుంచి, వాసన చూసి, గాయానికి పెట్టి, ఫలితం గమనించి, పిల్లలకు నేర్పారు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం. సంప్రదాయమంటే తాతలు చెప్పింది వల్లెవేయడమే అనుకునేవాళ్లకు, కాదు, అది కూడా చూసి తెలుసుకున్న జ్ఞానమే అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కానీ అలా చూసి తెలుసుకోవడానికి ఒక హద్దు ఉంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి మోకాలి గాయం ఆకు పెట్టినా మానుతుంది, పెట్టకపోయినా మానుతుంది. రెండు మోకాళ్లూ ఒకేలా చెక్కుకుపోయి, ఒకదానికి పసరు పిండి రెండోదాన్ని కడిగి వదిలేసి, పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎవరున్నారు? మానిన ప్రతి గాయమూ ఆకు ఖాతాలో పడింది. మానక సెప్టిక్ అయినవి మాత్రం వాడి శరీరతత్వం ఖాతాలోకో, పథ్యం చేయలేదన్న మాట కిందికో పోయాయి.

పూత కూడా పనిచేస్తుంది

థీసిస్‌లో నన్ను ఆపేసిన పట్టిక ఒకటుంది. ఏ మందూ కలపని ఉత్త ఆయింట్‌మెంట్, అంటే మైనం, వ్యాజలీన్ లాంటి వాటితో చేసిన పూత, ఒక గుంపుకు రాశారు. ఏమీ రాయని గుంపు కంటే వీటి గాయాలు బాగా మూసుకున్నాయి. ఆకు సారం కలిపినవాటికి, ఉత్త పూతకు తేడా మొదటి వారంలో కాస్త ఉంది, పదహారో రోజుకు దాదాపు లేదు. చర్చ రాసేచోట మాత్రం ఆకును ఏమీ రాయని గుంపుతోనే పోల్చారు. "ఇదేంటమ్మా, పూతతో పోల్చిన సంగతి రాయలేదేం?" అంటే, "అత్తా, అందరూ ఇలాగే రాస్తారు" అంది.

పూత పనిచేయడం వింతేమీ కాదు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చూపించాడు, గాలికి ఎండి పక్కు కట్టిన గాయం కంటే తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయం మీద కొత్త చర్మం ఇంచుమించు రెండింతలు వేగంగా పరుచుకుంటుందని. ఇవాళ ఆసుపత్రుల్లో వాడే ఖరీదైన డ్రెస్సింగులు చాలావరకు ఆ సూత్రం మీద పుట్టినవే. నెయ్యి, తేనె, ఆముదం, కలబంద గుజ్జు, మెత్తగా నూరిన ఆకు ముద్ద, ఇవన్నీ తడిని పట్టి ఉంచుతాయి. అందుకని ఏ ఆకు గొప్పదనాన్నయినా తేల్చాలంటే, దాన్ని ఉత్త పూతతో, ఇంకా చెప్పాలంటే ఇవాళ దొరికే మంచి డ్రెస్సింగుతో పోల్చాలి. ఏమీ లేనిదానితో పోల్చితే ఏదైనా గెలుస్తుంది.

ఎలుక సంగతి కూడా ఉంది. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, కింద పలచని కండరం పొర ఒకటి ఉంటుంది. గాయమైతే ఆ కండరం అంచుల్ని దగ్గరికి లాగేస్తుంది. మూతి బిగించిన సంచిలా గాయం ముడుచుకుని మూసుకుపోతుంది. మనకు అలా ఎక్కువగా జరగదు. మన గాయం అడుగు నుంచి కండ పూడి, పైన కొత్త చర్మం పాకాలి. అందుకే కొన్ని ల్యాబుల్లో ఎలుక గాయం చుట్టూ సిలికాన్ రింగు పెట్టి కుట్టేస్తారు, ముడుచుకోకుండా. అది పెద్ద ఖర్చు కూడా కాదు. అయినా మన థీసిస్‌లలో అది అరుదు. పైగా ఆ ఎలుకలు వయసులో ఉన్నవి, జబ్బు లేనివి, శుభ్రమైన బోనులో వేళకు తిండి తింటున్నవి. వాటి గాయం మానడంలో ఆశ్చర్యమేముంది?

నా మేనకోడలు ఊరికే ఒప్పుకోలేదు. "మరి మనుషుల మీద మేమెలా చేస్తాం అత్తా? ఒక ఏడాది ప్రాజెక్టు. ఎథిక్స్ కమిటీ, ఇన్సూరెన్స్, రోగులు, ఇవన్నీ మా గైడ్ వల్ల అవుతాయా?" అంది. ఆ మాట నిజం. జంతువుల మీద చూడకుండా నేరుగా మనిషికి పూయమని నేనూ అనను. చర్మం కాలుతుందా, రక్తంలోకి ఏమైనా చేరుతుందా అన్నది ముందు తెలియాలి. నా అభ్యంతరం వేరే. ఒకే ఆకు మీద అదే ఎలుక పరీక్ష ఇన్ని కాలేజీల్లో ఇన్నేళ్లుగా మళ్లీ మళ్లీ జరుగుతుంటే, అక్కడి నుంచి ఒక్క మెట్టు పైకి ఎక్కే దారి ఎవరూ వేయడం లేదు. ఎలుకలు చనిపోతున్నాయి, పిల్లలకు డిగ్రీలు వస్తున్నాయి, పుండుతో బాధపడేవాడికి ఏమీ రావడం లేదు.

పొడి తెచ్చిన కుర్రవాడు

ఒకసారి ఒక కుర్రవాడు ప్లాస్టిక్ కవర్లో ఆకుపచ్చని పొడి తెచ్చి, ఇది ఫలానా మొక్క అని సర్టిఫికెట్ రాసివ్వమన్నాడు. బేగంబజార్‌లో మూలికల దుకాణంలో కొన్నాడట. పొడి చూసి మొక్క పేరు చెప్పలేను బాబూ, పువ్వో కాయో ఉన్న కొమ్మ తీసుకురా అన్నాను. "సారం ఆల్రెడీ తీసేశాం మేడమ్, ఎలుకల పని కూడా అయిపోయింది, సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది" అన్నాడు. వాడి ముఖంలో దొంగతనం లేదు, టెన్షన్ ఉంది. సబ్మిషన్ దగ్గర పడింది. నేను రాసివ్వలేదు. ఇంకెవరైనా ఇచ్చి ఉంటారు.

ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు. దాని మీద వచ్చిన ఫలితం నిజమే కావచ్చు, కానీ అది ఏ మొక్క ఫలితం? మొక్కను హెర్బేరియం షీటు మీద నొక్కి భద్రపరచడం, ఏ నేలలో ఏ నెలలో కోశారో రాసిపెట్టడం, సారంలో ఏ పదార్థం ఎంత ఉందో కొలవడం, ఇవి చూడ్డానికి చిన్న పనులు. ఎం.ఫార్మసీ పిల్లలు ఒక ఏడాదిలో నిక్కచ్చిగా చేయగలిగినవీ ఇవే. ఒక బ్యాచి ఇంత చేసిపెడితే తర్వాతి బ్యాచి దాని మీద కట్టుకోవచ్చు.

"రెండు వేల ఏళ్లు వాడారు కదా"

మా వీధిలో ఒక ఆయుర్వేద డాక్టరు గారున్నారు. నెమ్మదైన మనిషి, బాగా చదువుకున్నవారు. ఈ విషయం కదిపితే, "మేడమ్, రెండు వేల ఏళ్లుగా మనుషుల మీదే వాడారు. మీకు మళ్లీ కొత్త పరీక్షలెందుకు?" అన్నారు. తర్వాత ఆయన చెప్పింది మాత్రం నా ఆలోచనను కొంత మార్చింది. సుశ్రుతుడు గాయానికి ఆకు పెట్టమని చెప్పి ఊరుకోలేదు. శుద్ధ వ్రణం, అంటే శుభ్రంగా ఉన్న పుండు వేరు, దుష్ట వ్రణం, అంటే చెడిన పుండు వేరు అన్నాడు. వ్రణానికి అరవై ఉపక్రమాలు, అంటే చికిత్సా పద్ధతులు చెప్పాడు, అందులో కోయడం, కడగడం, కట్టు కట్టడం అన్నీ ఉన్నాయి. ఆయుర్వేదంలో పుళ్లకు వాడే జాత్యాది తైలంలో జాజి ఆకు, వేప, కానుగ, పసుపుతో పాటు తేనెమైనం, మైలుతుత్తం కూడా పడతాయి. మైలుతుత్తమంటే రాగి లవణం, క్రిముల్ని చంపుతుంది. ఒక్క ఆకును విడదీసి ఆల్కహాల్‌లో మరిగించి, ఇదే ఆయుర్వేదం అంటే ఎలా అన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. అయితే ఆ తైలాన్ని, ఆ పద్ధతిని మొత్తంగానే పరీక్షిద్దాం. పరీక్ష అక్కర్లేదన్న మాట దగ్గరే నేను ఆయనతో విడిపోతాను.

ఎందుకంటే మనకు బాగా నమ్మకమున్నవి కూడా పరీక్షలో ఎదురు తిరిగిన సందర్భాలున్నాయి. 1991లో అమెరికాలో, సిజేరియన్ లాంటి ఆపరేషన్ల తర్వాత కుట్లు విడిపోయిన ఆడవాళ్ల గాయాలకు కలబంద జెల్ రాసి చూశారు. మామూలు చికిత్సతో సగటున 53 రోజుల్లో మానిన గాయం, కలబంద రాస్తే 83 రోజులు పట్టింది. చిన్న పరీక్షే, ఇరవై మంది చిల్లర. దానితో కలబంద చెడ్డదని తీర్పు చెప్పలేం. కానీ ఆకు కాబట్టి హాని ఉండదు అన్న ధీమా మాత్రం నిలవదు.

పసుపు పేటెంటు కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. ఒక్క మాట మాత్రం అనాలి. గాయాల మీద పసుపు వాడకానికి 1995లో ఇచ్చిన ఆ అమెరికా పేటెంటును 1997లో రద్దు చేయించి మనం గెలిచింది, ఈ వాడకం కొత్తదేం కాదు, మాకు ఎప్పటి నుంచో ఉంది అన్న వాదన మీద. కేంద్రప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ ఆ పోరాటం చేయడం గర్వపడాల్సిన సంగతే. కానీ పాతది అని రుజువైతే పనిచేస్తుంది అని రుజువైనట్టు కాదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుకోవడం అప్పటి నుంచి మనకు అలవాటైంది. మన చట్టం తీరూ అంతే. గ్రంథాల్లో ఉన్న మందును ఆ పాఠం ప్రకారం తయారుచేసేవాళ్లు, అది పనిచేస్తుందని కొత్తగా క్లినికల్ ట్రయల్, అంటే మనుషుల మీద పరీక్ష, చేసి చూపించక్కర్లేదు.

బాబాయి కాలు

మా బాబాయికి షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. పాదాలు మొద్దుబారాయి. ఒక వేసవిలో చెప్పుల్లేకుండా ఎండలో గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తే అరికాలు బొబ్బలెక్కింది. ఆయనకు తెలియనే లేదు. సాక్సుకు తడి అంటుకుంటే పిన్ని చూసింది. డ్రెస్సింగుకు నేను తోడు వెళ్లేదాన్ని. పుండు చుట్టూ తెల్లగా కాయ కట్టిన చర్మాన్ని డ్రెస్సర్ బ్లేడుతో చెక్కుతుంటే, బాబాయి ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. ఒక్కసారి కూడా కాలు వెనక్కి లాక్కోలేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మధ్యలో ఊరి నుంచి ఎవరో ఆకుల ముద్ద పంపారు. బాబాయి మాకు చెప్పకుండా కట్టు కింద పెట్టుకున్నాడు. ఆసుపత్రిలో కట్టు విప్పాక వాసన వచ్చింది, డాక్టరు కోప్పడ్డారు. ఆ కోపం అర్థం చేసుకోగలను. కానీ అది ఏ ఆకు, ఎన్ని రోజులు పెట్టారు, ఎలా నూరారు అని ఎవరూ అడగలేదు. కేసు షీటులో ఒక్క ముక్క కూడా రాయలేదు. తర్వాత రెండో వేలు తీసేశారు. ఆకు వల్ల పుండు ముదిరిందా, ఎలాగూ ముదిరేదేనా, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఇలా ఎన్ని కాళ్లకు ఎన్ని ఆకులు పెడుతున్నారో, ఏమవుతోందో, ఎక్కడా రాతలో లేదు. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో తేల్చింది. మానని పుండు ఎవరి ఇంటికీ దూరం కాదు.

ఆ రోజుల్లోనే పుళ్ల గురించి వెతుకుతూ తైవాన్‌వాళ్లు చేసిన ఒక పరీక్ష గురించి చదివాను. చదివి చాలాసేపు బాల్కనీలో నిలబడిపోయాను. షుగర్ కాలి పుళ్లకు వాళ్లు తయారుచేసిన ఓఎన్101 అనే క్రీములో రెండు మొక్కల సారాలున్నాయి. ఒకటి మనం బజ్జీలు వేసుకునే వామాకు, రెండోది సరస్వతి ఆకు. రెండూ మా కుండీల్లో ఉన్నాయి. 2021లో ఫలితాలు వచ్చాయి. అమెరికా, చైనా, తైవాన్‌లలో మొత్తం 236 మంది. పదహారు వారాల్లో పుండు పూర్తిగా మూసుకున్నవాళ్లు క్రీము రాసిన గుంపులో 60.7 శాతం, మంచి డ్రెస్సింగు వాడిన గుంపులో 35.1 శాతం. తైవాన్ ప్రభుత్వం దాన్ని మందుగా అనుమతించింది.

దీనికీ నా సందేహాలున్నాయి. డబ్బు పెట్టింది ఆ క్రీము తయారుచేసిన కంపెనీయే. పుండు మానిందో లేదో చూసేవాళ్లకు ఎవరికి ఏ చికిత్సో తెలియకుండా చూశారు కానీ, రోగికి తెలుసు. క్రీము రోజుకు రెండుసార్లు రాయాలి, డ్రెస్సింగు అన్నిసార్లు మార్చక్కర్లేదు. రోజుకు రెండుసార్లు కాలు చూసుకునేవాడు మామూలుగానే జాగ్రత్తగా ఉంటాడు. ఇలాంటి ప్రశ్నలు అడగగలుగుతున్నామంటే వాళ్లు అన్నీ రాసిపెట్టారు కాబట్టే. బాబాయి కట్టు కింది ముద్ద గురించి అడగడానికి మన దగ్గర ఏమీ లేదు. (ఇది చదివి ఎవరూ వామాకు నూరి షుగర్ పుండు మీద పెట్టకండి. వాళ్లు వాడింది శుద్ధి చేసి కొలిచిన సారం. కుండీ మట్టితో వచ్చే ఆకు వేరు.)

యూరప్‌లోనూ ఇలాంటిదే జరిగింది. చిన్న రాపిడికే చర్మం ఊడిపోయే జన్యువ్యాధి ఉన్నవాళ్ల కోసం బర్చ్ చెట్టు బెరడు సారంతో ఫిల్సువెజ్ అనే జెల్ చేశారు. మన భూర్జపత్రం చెట్టుకు దగ్గరి చుట్టం అది. 223 మంది మీద, ఉత్త జెల్‌తో పోల్చి చూశారు. 45 రోజుల్లో గాయం మూసుకున్నవాళ్లు 41.3 శాతం, ఉత్త జెల్‌తో 28.9 శాతం. అద్భుతమేమీ కాదు. అయినా ఎంత లాభమో తెలిసింది కాబట్టి 2022లో యూరప్, 2023లో అమెరికా అనుమతించాయి. మొక్కల మందును నిలబెట్టాలంటే పొగడడం కంటే ఇలా కొలవడమే మేలని నా నమ్మకం.

హైదరాబాద్‌లో కుదరదా?

ఈ ఊళ్లో లేనిదేమిటో నాకు అర్థం కాదు. ఎర్రగడ్డలో చర్మవ్యాధుల మీద పనిచేసే జాతీయ యునాని పరిశోధన సంస్థ ఉంది, అక్కడే ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఉంది. రసాయనం విడదీయడానికి తార్నాక వైపు రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కణాల మీద చూడడానికి జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్. పాత గ్రంథాల్లో ఏముందో వెతకడానికి గడ్డిఅన్నారంలో భారతీయ వైద్య వారసత్వ సంస్థ. ఇక షుగర్ పుళ్లతో వచ్చేవాళ్లు ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఉన్నారు. మొక్కల సారాన్ని ఆధునిక మందులాగే పరీక్షించి అనుమతి తెచ్చుకునే దారిని 2015లో కేంద్రం నిబంధనల్లో చేర్చింది. సారంలో కనీసం నాలుగు పదార్థాల్నైనా కొలిచి చూపించాలని అందులో ఉంది.

లేనిది డబ్బు అంటారు. ఊరందరికీ తెలిసిన ఆకు మీద పేటెంటు రాదు, పేటెంటు రానిదాని మీద కంపెనీ పెట్టుబడి పెట్టదు. కాబట్టి ఇది ప్రభుత్వ సొమ్ముతోనే జరగాలి. మందుల కంపెనీ లాభం చూసుకోవడం తప్పని నేననను, కానీ గడ్డిచేమంతికి ప్రభుత్వం తప్ప వేరే దిక్కు లేదు.

నేను అడిగే పరీక్ష ఇలా ఉండాలి. రోగులందరికీ ఒకేలా పుండు శుభ్రం చేయాలి, ఒకేలా షుగర్ అదుపులో పెట్టాలి, కాలి మీద బరువు పడకుండా ఒకే రకం చెప్పులివ్వాలి. బరువు తీయకుండా ఏ మందు రాసినా ఆ పుండు మానదు. ఒక గుంపుకు సారం కలిపిన పూత, ఇంకో గుంపుకు అదే రంగు, అదే వాసన ఉన్న ఉత్త పూత, రెండూ అన్నేసి సార్లే. పుండు కొలిచేవాళ్లకు ఎవరు ఏ గుంపో తెలియకూడదు. ఎంతమంది మీద చేస్తారో, దేన్ని విజయమంటారో, మొదలుపెట్టకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో రాసి ఉంచాలి. పూర్తిగా మూసుకుందా, వేలు పోయిందా, మధ్యలో ఎంతమంది మానేశారు, ఇవన్నీ చెప్పాలి. ఏ రోగికీ మామూలు చికిత్స ఆపకూడదు. సంతకం పెట్టే కాగితం తెలుగులో, ఉర్దూలో, పక్కన కూర్చుని చదివి వినిపించేలా ఉండాలి.

ఫలితం లేదని తేలితే ఆ సంగతీ తెలుగులోనే అచ్చవ్వాలి. ఆ ఆకు ముద్ద పంపేవాళ్లు మా ఊళ్లోనే కాదు, అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మంచి మనసుతోనే పంపుతారు. ఇంగ్లీషు జర్నల్‌లో వచ్చిన వ్యాసం వాళ్ల దాకా చేరదు.